ఇంట్లోనే కదా

పోయిన నెల ఒక మధ్యాహ్నం అమ్మ కోవిల్‌పట్టి నుంచి ఫోన్ చేసి, "పెద్దమ్మ పోయినాదిమే" అంది. ఏ పెద్దమ్మ అని నేను అడగలేదు. వరసకు నాకు పెద్దమ్మలు ముగ్గురున్నారు గానీ, అమ్మ గొంతు అలా తెగి మళ్ళీ అతుక్కుందంటే అది మా వీధి పెద్దమ్మే. ఆమె మాకు చుట్టం కాదు. మా ఎదురు వరసలో మూడో ఇల్లు ఆమెది. వీధి మొత్తానికి పెద్దమ్మ.

"యెట్ల పోయినాది?" అన్నాను.

"మంచాన పడలా, ఏమీ లేదు. పొద్దున కాపీ తాగి, కూర్చోనుండిన తావనే పోయినాది." అంది అమ్మ. "ఆయమ్మ లేకపోయుంటే నాకు కన్ను యాడిదిమే?"

విరుదునగర్ నుంచి బస్సెక్కి పొద్దు వాలకముందే చేరుకున్నాను. ఇంటి ముందు కూర్చున్న ఆడవాళ్ళు ఆమె ఎప్పుడు పుట్టిందో, పెళ్ళెప్పుడైందో, ఎంతమందిని కన్నదో ఏమీ మాట్లాడుకోలేదు. ఆమె ఎవరిని ఏమడిగిందో అదే మాట్లాడుకున్నారు. ఏడుస్తూనే మధ్యమధ్యలో నవ్వారు. నాకు తెలిసింది కూడా అదే కాబట్టి అదే రాస్తున్నాను.

మా వీధివాళ్ళం అందరం కూలి బతుకుల వాళ్ళమే. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. మా తెలుగును చదివే అలవాటు ఎవరికీ లేదు; మాట్లాడుకోవడమే. ఊరి చివర అగ్గిపెట్టెల కంపెనీ ఉండేది. వీధిలో సగం ఆడవాళ్ళు గేటు దాటి లోపలికి వెళ్ళి పనిచేసేవాళ్ళు. మిగతా సగం, మా అమ్మలాంటివాళ్ళు, ఇంట్లోనే కూర్చుని పెట్టెలు అతికేవాళ్ళు. పొద్దున వ్యాను వచ్చి అట్టముక్కలు, లేబుళ్ళు, బంకకు మైదాపిండి ఇచ్చి, ముందురోజు చేసిన పెట్టెలు తీసుకుపోయేది. లోపలివాళ్ళకు సైరను, హాజరు, పదిగంటల టీ, ఆసుపత్రి కార్డు, దీపావళికి మిఠాయి. బయటివాళ్ళకు వ్యాను ఒక్కటే. ఏదైనా అడిగితే వ్యానుతో వచ్చే ఆయన ఎప్పుడూ ఒకటే మాట అనేవాడు: "మీకేమమ్మా, నీడపట్టున ఇంట్లోనే కదా."

పెద్దమ్మకు ఆ మాట పడేది కాదు.

ఆమె రోజూ పొద్దున స్నానం చేసి, తల దువ్వి, ఉన్ననాడు ఒక మూర పువ్వు పెట్టుకుని, ఉతికిన చీర కట్టేది. లోపలున్న భర్తతో, "నేను వేలకి పోతుండా" అని గట్టిగా చెప్పేది. వేల అంటే పని. చెప్పి, నాలుగడుగులు నడిచి, తన అరుగు మీదే ఒక మూలన కూర్చునేది. అంతే ఆమె ప్రయాణం. ఆ తర్వాత ఇంట్లోంచి ఎవరైనా ఉప్పు ఎక్కడ, కొడవలి ఎక్కడ అని అడిగితే జవాబు చెప్పేది కాదు. "నేను వేలలో ఉండా. యింట్లో లేను" అనేది. పాపం ఆయన మంచివాడు. నిజంగానే ఆమె ఊళ్ళో లేనట్టు తనే వెతుక్కునేవాడు.

కంపెనీ సైరను మా వీధి దాకా వినిపించేది. పదిగంటలకు అది మోగగానే పెద్దమ్మ చేతిలోని పెట్టె ఎక్కడిదక్కడ ఉంచి, లేచి, టీ కాచుకుని వచ్చి కాళ్ళు చాపుకుని తాగేది. ఒకసారి మా అమ్మ ఊరుకోలేక అంది.

"కంపెనీ నీకు టీ ఇయ్యలా గదక్కా."

"టైము ఇచ్చినాది గదా. టీ నేను పెట్టుకుంటి."

ఆదివారం ఆమెకు సెలవు. ఎవరూ ఇవ్వలేదు, తనే తీసుకుంది. ఆ రోజు అరుగు మీద అదే మూలన, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. వచ్చేపోయే వాళ్ళందరితో, "ఈ పొద్దు నాకు లీవు, సుమ్మా కూర్చోనుండా" అని చెప్పేది. పనిచేసిన రోజుల కన్నా ఆ రోజే ఆమె ఎక్కువ అలసిపోయేదేమో. సుమ్మా, అంటే ఊరికే, కూర్చోవడం ఆమెకు చేతకాని పని. అయినా కూర్చునేది. సాయంత్రం లోపలివాళ్ళు గేటు దాటి ఇళ్ళకు వస్తుంటే ఒక్కొక్కరినే ఆపి అడిగేది: "ఈ పొద్దు మీకు ఏమి ఇచ్చినారు?" సబ్బు ఇచ్చారనో, తాగేనీళ్ళకు కొత్త కుండ పెట్టారనో వాళ్ళు చెప్తే విని తలూపేది. ఏదీ మర్చిపోయేది కాదు.

మంచిదే గానీ నోరు ఆగేది కాదు. రహస్యం ఆమె చెవిన పడితే పొయ్యి మీద పాలు పొంగినట్టే. ఆ నోటివల్లే మా ఇంట్లో ఒకసారి పొయ్యి వెలగడం కష్టమైంది.

నేను పదో తరగతి చదువుతున్నాను. మా అమ్మకు అప్పటికి రెండేళ్ళుగా కళ్ళు మసక. ఎవరికీ చెప్పలేదు. కళ్ళు కనపడనిదాని చేతికి అట్ట ఎవరిస్తారు? చేత్తో తడుముకుంటూనే పెట్టెలు చేసేది. లేబులు పక్కకు పోతే బడికి వెళ్ళే ముందు నేను సరిచేసేదాన్ని. పెద్దమ్మ ఒకరోజు మా ఇంట్లో కూర్చుని ఒక పెట్టె తీసి అటూ ఇటూ తిప్పింది. నావైపు చూసి, "మీ అమ్మకి కన్ను యెట్లుండాది?" అంది. బాగుందన్నాను. ఆమె ఇంకేమీ అడగలేదు. అడగలేదంటే ఆమెకు తెలిసిపోయిందని అర్థం.

ఆ వారమే కంపెనీ గేటుకు నోటీసు అంటించారు. తిరునెల్వేలి నుంచి కంటి డాక్టర్లు వస్తారు, పనివాళ్ళకు పరీక్ష చేసి ఉచితంగా కళ్ళద్దాలు ఇస్తారు అని. పెద్దమ్మ నా చేత రెండుసార్లు చదివించుకుంది.

"లోపలోళ్ళకే అని రాసిండారా?"

"లేదు పెద్దమ్మా. పనివాళ్ళకు అనే ఉంది."

"సరి" అంది.

డాక్టర్లు వచ్చిన రోజు మా అమ్మను చెయ్యి పట్టుకుని గేటు దాకా నడిపించుకు పోయింది. నేనూ వెంట ఉన్నాను. గేటుమనిషి జాబితా చూసి, పేరు లేదన్నాడు. రాయనిది ఎలా ఉంటుంది, రాయమంది. మాటా మాటా పెరిగి మేనేజరు బయటికి వచ్చాడు. ఆయన కోపిష్టి కాదు. నెమ్మదిగానే, "అమ్మా, మీరు ఇంట్లో చేసుకునేవాళ్ళు. కంపెనీ మనుషులు కాదు" అన్నాడు.

పెద్దమ్మ కొంగులోంచి ఒక పెట్టె తీసింది. మా అమ్మ అతికిందే. "ఈ బొమ్మ ఎవరిది? మీ కంపెనీది కాదా?" అని అరవంలో అడిగింది. "పెట్టె మీదైతే పెట్టె చేసిన కన్ను ఎవరిది?"

మేనేజరు పెట్టె అందుకుని చూశాడు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆమె ఆగలేదు. మా అమ్మ భుజం పట్టి ముందుకు నెట్టి, "ఈమెకు చూపు లేదు. తడుముకుంటూ మీ పెట్టెలు చేస్తోంది" అని అందరూ వినేలా చెప్పింది. ఆ పక్కనే వ్యానాయన నిలబడి ఉన్నాడు.

మా అమ్మ అక్కడే కూలబడిపోయింది. గేటు తెరుచుకోలేదు.

మర్నాడు పొద్దున వ్యాను మా ఇంటి ముందు ఆగలేదు. అమ్మ బంక గిన్నె కడిగి సిద్ధంగా పెట్టుకుని వాకిట్లో నిలబడే ఉంది. వ్యాను అలా సాగిపోయింది. పెద్దమ్మ పరుగున వచ్చింది. అమ్మ ఆమె ముఖం చూడకుండా, "నీ నోరే నా కూడు తీసినాదక్కా" అని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

పెద్దమ్మ తలుపు ముందు చాలాసేపు నిలబడింది. ఆ రోజు సైరను మోగినా ఆమె టీ పెట్టుకోలేదు.

తెల్లారి వ్యాను వచ్చేసరికి పెద్దమ్మ వీధి మధ్యలో ఉంది. తన వంతు అట్టలు దింపుతుంటే చెయ్యి అడ్డంపెట్టింది.

"వద్దు. నాకు లీవు."

"ఈ రోజు ఆదివారం కాదు కదా" అన్నాడు వ్యానాయన.

"ఆ ఇంటికి యెప్పుడు ఇస్తావో ఆ పొద్దుదాకా లీవు."

ఆయన నవ్వి పక్కింటికి వెళ్ళాడు. పక్కింటామె కాసేపు పెద్దమ్మను, కాసేపు వ్యానును చూసి, తను కూడా వద్దంది. ఆ తర్వాతి ఇల్లు తీసుకుంది. దాని తర్వాతిది తీసుకోలేదు. అందరూ ఒక్కటై నిలబడ్డారని చెప్పడం అబద్ధం. మొదటిరోజు సగం మంది కూడా లేరు. తీసుకున్నవాళ్ళు తలుపులు మూసుకుని అతికారు. వాళ్ళను పెద్దమ్మ తిట్టలేదు. "పిల్లలు ఉండారు, యేమి చేస్తారు" అంది. రెండోరోజు మరికొందరు వద్దన్నారు. ఎట్టయాపురం రోడ్డు పల్లెలకు పని ఇచ్చేస్తామని వ్యానాయన బెదిరించాడు, ఇచ్చాడు కూడా. అక్కడివాళ్ళది అలవాటు లేని చెయ్యి. పెట్టెలు నోళ్ళు తెరుచుకుని వచ్చాయని లోపల పనిచేసేవాళ్ళు చెప్పారు. ఆ మూడు రోజులూ మా ఇంట్లో గంజే. మాకే కాదు, ఆ వీధిలో చాలా ఇళ్ళలో గంజే. అమ్మ భయంతో బక్కచిక్కిపోయింది. మాట మాత్రం ఇంకా కలపలేదు.

నాలుగోరోజు మేనేజరు తనే స్కూటరు మీద వచ్చాడు. పెద్దమ్మ అరుగు మీద కూర్చుని, ఏం కావాలని అడిగాడు. వీధంతా చెవులు రిక్కించింది. ఆమె ఏవేవో అడుగుతుందనుకున్నాం.

"మా పేర్లు రాసుకోండి" అంది.

"ఆసుపత్రి కార్డులు అవీ నా చేతిలో లేవమ్మా. రూలు ఒప్పుకోదు."

"రూలు నాకు తెలియదు. మా పేర్లు మాకు తెలుసు. ముందు అవి రాసుకోండి. చూపు తగ్గినవాళ్ళకు డాక్టరును చూపించండి. అద్దాలు వచ్చాక ఆ ఇంటామెకు ఆమె పని ఇవ్వండి."

ఆయన జేబులోంచి పెన్ను తీశాడు. కాగితం లేకపోతే నేను నా నోటు పుస్తకం ఇచ్చాను. ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి పేరు చెప్పారు. కొందరికి తమ పేరు పైకి చెప్పడం అదే మొదటిసారేమో, సిగ్గుపడ్డారు. మా అమ్మ చివరన వచ్చింది. పేరు చెప్పి, పెద్దమ్మ పక్కన కూర్చుంది. పెద్దమ్మ జరిగి చోటు ఇచ్చింది.

మర్నాటి నుంచి వీధి మళ్ళీ అట్టలు తీసుకుంది. కొన్నాళ్ళకు డాక్టర్లు మళ్ళీ వచ్చారు, ఈసారి మా కోసం, బడి వరండాలో. అమ్మకు అద్దాలు వచ్చాయి. అవి పెట్టుకుని ఇంటికి వచ్చి, మొట్టమొదట ఒక అగ్గిపెట్టె తీసి చూసింది. లేబులు మీద తామరపువ్వు. "దీంట్లో తుమ్మెద ఉండాదామే?" అంది. చూపు మసకబారాక వచ్చిన కొత్త లేబులు అది; రెండేళ్ళుగా తను అతుకుతున్న పువ్వు మీద చిన్న తుమ్మెద ఉందని ఆమెకు తెలియదు. ఆ రోజంతా ఎవరు వచ్చినా ఆ తుమ్మెదను చూపించింది. మర్నాడు వ్యాను మా ఇంటి ముందు ఆగింది.

పెద్దమ్మను కూడా పరీక్ష చేశారు. ఆమె కళ్ళకు ఏ లోపమూ లేదు. "ఇంత కొట్లాడి నాకు యేమీ లేదా?" అని ఆమె నిజంగానే చిన్నబుచ్చుకుంది. చివరికి డాక్టరమ్మను పట్టుకుని, కళ్ళు బాగున్నాయని కాగితం మీద రాయించుకుంది. పేర్లు రాసుకున్నాక కంపెనీ ఇచ్చిన అట్టకార్డుతో పాటు ఆ చీటీ కూడా ఒక రేకు డబ్బాలో దాచుకుంది. ఆ ఏడు దీపావళికి వ్యానులో బయటివాళ్ళకూ మిఠాయి వచ్చింది. ఆసుపత్రి కార్డు మాత్రం ఎన్నడూ రాలేదు. ఆమె అడగడం మానలేదు, వాళ్ళు ఇవ్వలేదు. అదీ చెప్పాలి.

నేను చదువు ముగించి చెన్నైలో ఒక చిన్న కంపెనీలో చేరాను. బడి పుస్తకాలు కంప్యూటరులో కూర్చే పని. తెలుగు అక్షరాలు అక్కడే నేర్చుకున్నాను; నోట్లో ఉన్న భాషకు రాత నేర్చుకోవడానికి మూడు నెలలు పట్టింది. మా ఆయన విరుదునగర్‌లో పప్పుల మిల్లు మెకానిక్కు. పెళ్ళయి నేను అక్కడికి వచ్చేశాక కూడా చెన్నై కంపెనీవాళ్ళు నన్ను వదులుకోలేదు. కంప్యూటరు లారీలో పంపించి ఇంటి నుంచే చేయమన్నారు. పేజీలు ఇంటర్నెట్‌లో వచ్చేవి, దిద్ది పంపేదాన్ని. మా వీధిలో నాది వింత ఉద్యోగం. అందరూ అదృష్టమన్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

కడుపుతో ఉన్నప్పుడు ఆఫీసు మేడంకు ఫోన్ చేసి చెప్పాను. ఆమె సంతోషించింది. "నీకేం ఫర్వాలేదు, ఇంట్లోనే కదా. సెలవు పెట్టాల్సిన పనే లేదు. పాప పడుకున్నప్పుడు మెల్లగా చేసుకో, మేం తొందరపెట్టం" అంది. ఆమె మంచితనం గురించి ఆ సాయంత్రం మా ఆయనకు చెప్పుకున్నాను కూడా.

ఏడో నెలలో పెద్దమ్మ వచ్చింది. అమ్మ ఇచ్చి పంపిన ఎండుచేపలు, వేరుశనగ మిఠాయి సంచిలో తెచ్చింది. మూడు రోజులుంది. మొదటి రెండు రోజులూ నా వెనక పీట వేసుకుని కూర్చుని, నేను పనిచేస్తుంటే చూసింది. నేను కూర్చునేది వంటింటి స్టూలు. గంటకోసారి నడుం పట్టుకుని లేచేదాన్ని. మూడోరోజు పొద్దున అడిగింది.

"ఆపీసులో ఉండే ఆడోళ్ళకి బిడ్డ పుట్టితే లీవు ఇస్తారా?"

"ఇస్తారు. పన్నెండు వారాలు."

"నీకు?"

"నేను ఇంట్లోనే కదా పెద్దమ్మా."

ఆమె పీట నా దగ్గరికి జరుపుకుంది. "ఆమా, ఔను గదా, మరిచిపోతి. ఆపీసు ఆడోళ్ళు ఆపీసులో కంటారు. నువ్వు యింట్లో కంటావు."

నాకు నవ్వు వచ్చింది. ఆ వెంటనే ఏడుపు వచ్చింది. ఇన్ని నెలలుగా నడుం నొప్పిని, భయాన్ని, పురిటి మంచం పక్కన కంప్యూటరు ఎక్కడ పెట్టాలా అన్న ఆలోచనను నేను ఎవరికీ చెప్పలేదు. ఆమె నా తల నిమరలేదు, ఓదార్చలేదు. "రాయి" అంది.

"ఏమని రాసేది?"

"అడుగు. అడిగేదానికి తిట్టూ వద్దు, మొక్కూ వద్దు. సుమ్మా అడుగు."

"అమ్మకి అయినట్ల అయితే? పని తీసేస్తే?"

ఆమె కిటికీ వైపు తిరిగింది. ఆనాటి మూసిన తలుపు ఆమెకూ గుర్తొచ్చిందని నాకు తెలుసు.

"అయినా అయితాది" అంది. "అట్లయితే నేను మళ్ళా వస్తా."

"వచ్చి ఏం చేస్తావు?"

"ఏమి చేసేది? నీ పక్కన కూర్చుంటా."

రాశాను. నాలుగు వాక్యాలు. ఆఫీసువాళ్ళకు ఉన్న సెలవు నాకూ కావాలని, వీపుకు ఆనుకునే కుర్చీ ఒకటి కావాలని. ఆమె బస్సెక్కి వెళ్ళిపోయింది. ఎనిమిది రోజులు జవాబు రాలేదు. తొమ్మిదోరోజు ఆఫీసు మేడం ఫోన్ చేసింది. కాస్త ఇబ్బందిగా మాట్లాడింది. ఇంటి నుంచి చేసేవాళ్ళు ముగ్గురున్నా ఇంతవరకూ ఎవరూ అడగలేదట. అడగకపోయేసరికి వాళ్ళకూ తట్టలేదట. యజమాని వారం ఆలోచించి సరేనన్నాడట. "పన్నెండు వారాలు. కుర్చీ రేపు పార్సిల్లో వేస్తున్నాం" అంది.

పురుడు కోవిల్‌పట్టిలో పోసుకున్నాను. పాపకు నెల దాటాక ఒక ఉదయం తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. నెల్లూరు నుంచి ఒకామె. నాలాగే మా కంపెనీకి ఇంటి నుంచి పనిచేస్తోంది. తన పేరు చెప్పి, "సెలవు అడిగింది మీరేనా అండీ?" అంది. తనకు అయిదో నెలట. మేడం తనంతట తానే ఫోన్ చేసి నీకూ సెలవుందని చెప్పిందట. నేను మాట్లాడుతుంటే నా తెలుగు విని ఆమెకు నవ్వొచ్చింది. "మా అమ్మమ్మ మాట్లాడినట్టుందండీ" అంది. అడిగింది నేను కాదని, మా పెద్దమ్మ అని చెప్పాను. "ఆమె ఎక్కడ పనిచేస్తారు?" అంది. "ఇంట్లో" అన్నాను.

పెద్దమ్మ అప్పుడు మా ఇంట్లోనే ఉంది, పాపకు నూనె రాస్తూ. జరిగింది చెప్పాను. పొంగిపోతుందనుకున్నాను. ఆమె పాప కాళ్ళు సాగదీస్తూనే విని, "ముగ్గురు అంటివి గదా" అంది.

"అవును. ఇంకొకామె సేలంలో ఉంది."

"ఆయమ్మకి తెలుసునా?"

"తెలియదు పెద్దమ్మా. మేడం చెప్పిందో లేదో."

"నువ్వు జెప్పినావా?"

లేదన్నాను. ఆమె పాపను గుడ్డలో చుట్టి భుజాన వేసుకుని, ఫోన్ నా చేతిలో పెట్టింది.

"బిడ్డను నేను చూసుకుంటా. నువ్వు మాట్లాడు" అంది.